పన్నెండేళ్ళ బ్యాటరీ

మా పిన్ని పొద్దున ఇంట్లోంచి బయలుదేరే ముందు గోడలకున్న ప్లగ్గులన్నింటినీ ఒక్కొక్కటే అరచేత్తో తాకి చూస్తుంది, పిల్లలకు జ్వరం చూసినట్టు. ఫోను ఛార్జరు, టీవీ కిందుండే నల్లడబ్బా, నీళ్ళు శుద్ధిచేసే యంత్రం తాలూకు అడాప్టరు. ఏది వెచ్చగా తగిలితే దాన్ని పీకి పక్కన పడేస్తుంది. "ఏ పనీ చెయ్యకుండా ఒళ్ళు వెచ్చబడుతోందంటే ఊరికే కూర్చుని తింటోందనేగా" అంటుంది. ఆ వేళకు సోఫాలో పడుకుని పేపరు చదువుతుండే మా బాబాయి, మాట తన మీదికేమోనని కాళ్ళు దగ్గరకు లాక్కుంటాడు.

పిన్ని మెట్లు దిగిన అయిదు నిమిషాలకు వాళ్ళ అత్తగారు వచ్చి ప్లగ్గులన్నీ మళ్ళీ పెట్టేస్తారు. ఆవిడను నేను మామ్మగారు అంటాను. ఇంట్లో నాలుగు దీపాలు మినుకుమినుకుమంటూ ఉంటే తప్ప ఇల్లు బతికున్నట్టు ఉండదని మామ్మగారి నమ్మకం. పీకడమూ పెట్టడమూ ఇరవై ఏళ్ళుగా ఏ తగువూ లేకుండా సాగిపోతున్నాయి.

పిన్ని ఉద్యోగమే కరెంటు పొదుపు చెయ్యడం. ఇళ్ళలో వాడే కరెంటు కాదు, అది ఆవిడ దృష్టిలో సముద్రం. నీళ్ళ మీటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో సర్క్యూట్లు గీస్తుంది. గీసినదాంట్లో ఎక్కడెక్కడ కరెంటు వృథాగా కారుతోందో వెతికి పట్టుకుని ఆపుతుంది. ఆవిడ లెక్కంతా మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. ఒక టార్చిలైటు తాగే కరెంటును మూడు లక్షల మందికి సమంగా పంచితే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది ఒక మైక్రో ఆంపియరు. ఆ ఒక్కటీ రెండయిందని తెలిస్తే ఆ పూట ఆవిడకు అన్నం సహించదు. ఆఫీసులో ఆవిణ్ణి 'మైక్రో మేడమ్' అంటారు. ఆ పేరు విని చూడ్డానికి వచ్చే కొత్తవాళ్ళు గుమ్మంలో తలెత్తాల్సి వస్తుంది. ఆవిడ అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి.

ఈ విద్య ఆవిడకు కాలేజీలో అబ్బలేదు. డిప్లొమా అయ్యాక మొదటి రెండేళ్ళు టీవీలు బాగుచేసే దుకాణంలో పనిచేసింది. టీవీలు మగవాళ్ళు పంచుకుని, రిమోట్లు ఈవిడకు వదిలేశారు. చెడిపోయాయని జనం తెచ్చే రిమోట్లలో సగానికి పైగా ఏ జబ్బూ లేనివే. ఎవరో దిండు కింద పెట్టి దాని మీద కూర్చున్నారు. మీట నొక్కుకుని ఉండిపోయింది. పాపం ఆ రిమోటు దిండుకు ఛానెళ్ళు మార్చమని చెప్పీ చెప్పీ ప్రాణం విడిచింది. "పని చేసి చచ్చిన బ్యాటరీని నేనింతవరకు చూళ్ళేదు. అన్నీ ఊరికే పడుండి చచ్చినవే" అని కొత్తగా చేరినవాళ్ళకు ఇప్పటికీ చెబుతుంది. తపాలా కార్యాలయంలో పనిచేసే మా బాబాయి ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోడు. "మరి నన్ను చూడు. ఎంత ఆరోగ్యంగా ఉన్నానో" అంటాడు, పడుకునే.

నేను చెప్పబోయేది ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి పిన్ని ఆ కంపెనీలో చేరి పద్ధెనిమిదేళ్ళయింది. ఊరి నీళ్ళ విభాగం వాళ్ళు కొత్తరకం మీటర్లు ఎనిమిది వేలు కావాలన్నారు. మీటరు చదవడానికి మనిషి ఇంటింటికీ తిరగనక్కర్లేదు. అదే గంటకోసారి లేచి ఎన్ని నీళ్ళు పోయాయో చూసుకుంటుంది, రోజుకోసారి ఆ అంకెను గాల్లోకి పంపుతుంది, మళ్ళీ పడుకుంటుంది. రోజు మొత్తం మీద అరనిమిషం కూడా మేలుకుని ఉండదు. కరెంటు తీగ ఉండదు. లోపల సగం బొటనవేలంత బ్యాటరీ ఉంటుంది, దాని మీద చిక్కటి రెజిన్ పోసి మూసేస్తారు. అది గట్టిపడ్డాక బ్యాటరీ మార్చడం బ్రహ్మతరం కూడా కాదు.

"మాకు పన్నెండేళ్ళు రావాలి" అన్నాడు నీళ్ళ విభాగం ఇంజనీరు. "మధ్యలో మార్చడానికి మా దగ్గర మనుషుల్లేరు."

కావలసింది పన్నెండేళ్ళు. కాగితం మీద రాసుకున్న హామీ నాలుగేళ్ళు. మిగతా ఎనిమిదీ నమ్మకం.

పన్నెండేళ్ళు బతకాలంటే దాని పని తగ్గించి లాభం లేదు, చేసేదే అరనిమిషం. దాని నిద్రను సరిచెయ్యాలి. నిద్రపోతూ తినకుండా చూడాలి. పిన్ని ఎనిమిది నెలలు అదే చేసింది. నిద్రలో ఏడు మైక్రో ఆంపియర్లు తింటున్నదాన్ని అయిదుకు, అయిదు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి దించింది. ఆ ఒకటి కనిపించిన రోజు ఇంటికొచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, మామ్మగారు పెట్టిన ప్లగ్గుల జోలికి పోకుండా కూర్చుంది. ఏదో జరిగిందని మాకు అప్పుడే తెలిసింది.

ఆఖరి నెలలో ఇంజనీరు ఇంకో కోరిక కోరాడు. బ్యాటరీ ఎంత మిగిలిందో కూడా మీటరే చెప్పాలట. దానికి మార్గం సులువే. రెండు రెసిస్టర్లను వరుసగా కట్టి బ్యాటరీకి అడ్డంగా పెడతారు, వాటి మధ్యనుంచి చిప్ వోల్టేజి చూసుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ రెండింటి గుండా కరెంటు రాత్రింబవళ్ళు కారుతూనే ఉంటుంది, సరిగా కట్టని కుళాయిలాగా. పద్ధెనిమిది మైక్రో ఆంపియర్లు పోతాయి. బ్యాటరీ ఎంత మిగిలిందో చూసే భాగమే మిగతా అన్నింటికన్నా ఎక్కువ తింటుందన్నమాట. అందుకని వాటి ముందు ఒక చిన్న ట్రాన్సిస్టరును స్విచ్చిలాగా పెట్టి, రోజుకోసారి తెరిచి చూసుకుని మూసేస్తారు. పిన్ని ఆ స్విచ్చికి బోర్డు మీద చోటు వదిలింది. కానీ ముందు స్విచ్చి లేకుండా, ఆ చోట ఒక తీగముక్క అతికించి కొలిచి చూద్దామనుకుంది. కొలిచింది. నిద్రలో కరెంటు ఒకటి. రెసిస్టర్లు పెట్టకముందూ ఒకటే, పెట్టాకా ఒకటే.

ఇంట్లో కొత్తగా ఒక మనిషి చేరినా బియ్యం ఖర్చు పెరగలేదంటే, ఆ మనిషి ఇంకెక్కడో తిని వస్తూ ఉండాలి. ఆ సంగతి పిన్నికి తట్టి ఉండాల్సింది. కానీ లెక్కా కొలతా తగువుపడితే కొలతనే నమ్మాలన్నది ఆవిడ వృత్తిధర్మం. కొత్తవాళ్ళకు ఆవిడే నేర్పుతుంది. నిద్రపోయేటప్పుడు ఆ దారిని చిప్పే మూసేస్తోందేమో అని ఒక కారణం కూడా దొరికింది. చదువుకున్నవాళ్ళకు ఇదొక వరం, దేనికైనా ఒక కారణం దొరుకుతుంది. పైగా కోరుకున్న అంకె గుమ్మంలోకి వస్తే ఏ ఊరని ఎవరూ అడగరు. 'స్విచ్చి అవసరం లేదు' అని కొలతల పుస్తకంలో రాసి సంతకం పెట్టింది.

ఒక భాగం తగ్గించి కూడా పన్నెండేళ్ళు తెప్పించిందని అందరూ పెద్దాయన అని పిలిచే కంపెనీ యజమాని ఆఫీసులో కేకు కోయించాడు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి డిజైను విభాగానికి మేడమే అధిపతి అని ప్రకటించాడు. అంతకుముందు రెండుసార్లు ఆ కుర్చీ ఖాళీ అయింది. రెండుసార్లూ పిన్ని నోరు తెరిచి అడిగింది. రెండుసార్లూ "మీరు లేకపోతే బల్ల దగ్గర పని ఆగిపోతుంది మేడమ్" అని బయటివాళ్ళను తెచ్చి కూర్చోబెట్టారు. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక పిన్ని ఆ గదిలోకి వెళ్ళి, కుర్చీలో ఒక నిమిషం కూర్చుని లేచొచ్చింది. ఈ సంగతి ఆవిడ నాకు చెప్పలేదు. కంపెనీలో బోర్డులు అతికే ఆరుగురు ఆడవాళ్ళలో పెద్ద అయిన సోల్డరింగ్ అక్క చెప్పింది. "మీ పిన్ని వీపు ఆనించలేదమ్మా. అంచునే కూర్చుంది, బస్సులో కూర్చున్నట్టు."

మామ్మగారు మాత్రం వీపు ఆనించే కూర్చున్నారు. మూడంతస్తుల మెట్ల మీదా ఎదురైన ప్రతివాళ్ళకూ చెప్పేశారు. "మా కోడలు ఆఫీసరయింది. గదికి అద్దాల తలుపు. కొట్టకుండా ఎవరూ లోపలికి రాకూడదు."

తరువాత సోమవారం నుంచి రెజిన్ పోయడం మొదలవుతుంది. దాని ముందరి గురువారం మధ్యాహ్నం సోల్డరింగ్ అక్క పిన్ని బల్ల దగ్గరకొచ్చింది.

"మేడమ్, ఒక బ్యాటరీ ఇప్పించండి. మాకొచ్చిన దాని కాలు వంకరగా ఉంది."

పిన్ని చేతికందిన బోర్డులోంచి బ్యాటరీ ఊడబీకి ఇచ్చింది. అక్క తీసుకుని కదల్లేదు. బోర్డునే చూస్తోంది.

"మేడమ్, అదింకా బతికే ఉంది."

"ఏది?"

"ఆ బోర్డు. ప్రాణం నా చేతిలో ఉందా, అదేమో నాకు కన్ను కొడుతోంది."

నిజమే. పరీక్ష కోసం పెట్టిన పచ్చ దీపం ఎనిమిది సెకన్లకోసారి వెలిగి ఆరుతోంది, ఏమీ ఎరగనట్టు. పిన్ని బ్యాటరీ లేని బోర్డుకేసి చాలాసేపు చూసింది. తరువాత ఆవిడ చూపు బోర్డు అంచునుంచి కంప్యూటరు వరకు పోయిన సన్నటి కేబులు మీద పడింది. బోర్డులోకి ప్రోగ్రాము ఎక్కించే కేబులు అది. ఎక్కించాక తీసెయ్యాలి. తీయలేదు. నెల రోజులుగా తీయలేదు. కబురు మోయడానికి పెట్టిన ఆ తీగలోంచే కాస్త కరెంటు దొడ్డిదారిన చిప్ లోపలికి వెళ్ళి, అక్కడినుంచి బోర్డంతటికీ తిండి పెడుతోంది. ముందు గుమ్మం దగ్గర, బ్యాటరీ పక్కన, ఈవిడ కొలత పరికరం పట్టుకుని కూర్చుని 'ఆహా, ఎంత తక్కువ తింటోంది' అని మురిసిపోయింది.

పిన్ని కేబులు లాగేసింది. పచ్చ దీపం ఆరిపోయింది. అక్క చేతిలోని బ్యాటరీ వెనక్కి తీసుకుని పెట్టి, మళ్ళీ కొలిచింది.

పంతొమ్మిది.

"ఏమైంది మేడమ్?" అంది అక్క.

"ఏం కాలేదు. డిప్లొమా మొదటి సంవత్సరం పిల్లలకు చెబుతారు, కొలిచేటప్పుడు కేబులు తీసెయ్యండర్రా అని. నేనా రోజు క్లాసుకు వెళ్ళినట్టు లేను."

అదే సమయానికి అమ్మకాలాయన అటుగా వచ్చాడు. కంపెనీ మీటర్లు నలుగురిలో పొగిడి అమ్మడం ఆయన ఉద్యోగం. మాటల్లో పొదుపు ఆయన శత్రువు. అక్క నోట సగం విన్నాడు.

"బ్యాటరీ లేకుండా కూడా నడిచిందా! మేడమ్, కరపత్రం ఇంకా అచ్చుకు వెళ్ళలేదు. చేర్చమంటారా?"

"చేర్చొద్దు. ఉన్నదే కొట్టెయ్యాలి" అంది పిన్ని. పాత కవరు వెనక లెక్క వేసి చూపించింది. "ఒకటి కాదండీ, పంతొమ్మిది. మేలుకున్నప్పటిది కలిపితే ఇరవైతొమ్మిది. పన్నెండేళ్ళు రాదు. నాలుగేళ్ళ ఎనిమిది నెలలు వస్తుంది."

అమ్మకాలాయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మొహం వాడిపోయింది. వాడిన మొహం చూస్తూ ఉండగానే మళ్ళీ విచ్చుకుంది.

"హామీ ఎన్నేళ్ళు?"

"నాలుగు."

"మనమిస్తున్నది?"

"నాలుగేళ్ళ ఎనిమిది నెలలు."

"అంటే ఎనిమిది నెలలు మనమే ఎక్కువిస్తున్నాం! ఇంకేం కావాలండీ వాళ్ళకి?"

"పన్నెండేళ్ళని చెప్పాంగా."

"చెప్పాం మేడమ్. చెప్పడం వేరు, రాసివ్వడం వేరు. అయిదేళ్ళ తరవాత ఆ ఇంజనీరు ఎక్కడుంటాడో, నేనెక్కడుంటానో. మీరు మాత్రం అద్దాల గదిలో ఉంటారు. హాయిగా తలుపేసుకుని కూర్చోండి."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పిన్ని ఈ సంగతి చెప్పింది. తలెత్తకుండా, పళ్ళెంతో చెబుతున్నట్టు చెప్పింది. ఇప్పుడే చెబితే మీటర్లు ఆగుతాయి, తప్పు తనదని బయటపడుతుంది, కుర్చీ పోతుంది. సోమవారం రెజిన్ పోసేశాక చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

"నాలుగేళ్ళ తరవాత మాట ఇప్పుడెందుకు?" అన్నాడు బాబాయి. "మా ఆఫీసులో నలభై ఏళ్ళ నాటి ఉత్తరాలు ఉన్నాయి. ఎవరడిగారు?"

"నువ్వు మాట్లాడకురా" అన్నారు మామ్మగారు. కోడలివైపు తిరిగారు. "ఎవరూ అడగందే నువ్వెందుకమ్మా నోరు విప్పడం? పైవాటా ఆవిడ నిన్ననే అడిగింది, మీ కోడలికి కారు కూడా ఇస్తారా అని. నేను చూద్దాం అన్నాను."

"కారేమిటి అత్తయ్యా!"

"ఇవ్వరని నాకు తెలుసు. ఆవిడకు తెలీదుగా."

మామ్మగారికి ఏదో అనుమానం వచ్చింది.

"ఇంతకీ ఆ మీటర్లు ఎవరి ఇళ్ళకి?"

"మొదటి విడతలో మన వీధికే."

"మనకా! అది నాలుగేళ్ళకి చచ్చిపోతే నీళ్ళ బిల్లు ఎట్లా వేస్తారు?"

"కొత్త మీటర్లు పెట్టేదాకా వీధి మొత్తం సగటు తీసి అందరికీ ఒకే బిల్లు వేస్తారు."

మామ్మగారు చెయ్యి కడిగేసుకున్నారు. "అంటే కిందింటివాడు పొద్దస్తమానం కారు కడిగే నీళ్ళకి నేనూ కట్టాలా? నేను బొట్టుబొట్టూ లెక్కపెట్టి వాడుకుంటుంటే! చెప్పెయ్యి. రేపే చెప్పెయ్యి!" అయిదారడుగులు నడిచి వెనక్కి తిరిగారు. "చెప్పు గానీ, ఒకటో తారీఖు వెళ్ళాక చెప్పు. కుర్చీలో కూర్చుని చెబితే మాటకి బరువుంటుంది."

"ఒకటో తారీఖుకి ఎనిమిది వేలూ రాయిలా గట్టిపడిపోతాయి అత్తయ్యా."

"అదేం మీటరమ్మా, మనిషికి కాస్త వ్యవధి కూడా ఇవ్వకుండా!"

పిన్ని న్యాయం గురించీ మనస్సాక్షి గురించీ ఏమైనా అంటుందేమోనని నేను ఎదురుచూశాను. పుస్తకాల్లోనైతే అక్కడ ఒక పేజీ ఉంటుంది. పిన్ని మజ్జిగ గ్లాసు పక్కకు జరిపి, "ఆ ఒకటి నా చేత్తో రాసిందే" అని మాత్రం అంది.

మర్నాడు తొమ్మిదింటికే ఆఫీసుకు చేరి, పెద్దాయన రాకముందే కొలతల పుస్తకం తెరిచింది. అది నీళ్ళ విభాగం వాళ్ళు ప్రతి పేజీకి ముద్ర వేసి ఇచ్చిన పుస్తకం. పేజీ చింపడానికి లేదు. సోమవారం రెజిన్ పోసే ముందు ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. పిన్ని పాత అంకె మీద ఒక గీత కొట్టింది. పక్కన 'కేబులు ఉంచి కొలవడం నా పొరపాటు. సరైన కొలత: పంతొమ్మిది. స్విచ్చి అవసరం' అని రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టింది. ఆ తరువాత పెద్దాయన గది తలుపు తట్టింది.

"సార్, మీటరు పన్నెండేళ్ళు రాదు."

"మరి?"

"నాలుగేళ్ళ ఎనిమిది నెలలు."

"ఎవరన్నారు?"

"నేనే సార్."

"పన్నెండన్నది?"

"అదీ నేనే."

"మరి మీ ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటారు మేడమ్?"

పిన్ని పుస్తకం ముందుకు తోసింది. పెద్దాయన చదివాడు. రెండోసారి చదివాడు. కళ్ళజోడు తీశాడు.

"రాసేశారా! నాకు చెప్పి రాయాల్సింది."

"చెబితే రాయనిస్తారో లేదోనని..."

"ఎనిమిది వేలూ మళ్ళీ మొదటినుంచి చెయ్యాలా?"

"అక్కర్లేదు సార్. బోర్డు మీద స్విచ్చికి చోటు వదిలాను. తీగముక్క ఊడదీసి స్విచ్చి అతికితే చాలు. మూడు వారాలు పడుతుంది."

"చోటు వదిలారంటే స్విచ్చి కావాలని ముందే తెలుసు."

"తెలుసు సార్."

"తెలిసీ ఎందుకు పెట్టలేదు?"

"కొలిచాను కనక."

పెద్దాయన చెడ్డమనిషి కాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, కానివ్వండి అన్నాడు. పుస్తకంలో సిరాతో రాసి ఉన్నది కనక అంతకు మించి అనడానికి ఏమీ లేదు కూడా.

సోల్డరింగ్ అక్కా, ఆమె కింద పనిచేసే అయిదుగురూ మూడు వారాలపాటు నడుములు విరిగేలా కూర్చుని ఎనిమిది వేల బోర్డుల్లో తీగముక్కలు ఊడదీశారు. ఆవగింజంత స్విచ్చిలు అతికారు. పిన్ని కూడా వాళ్ళ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. మొదటిరోజు అక్క అడిగింది. "నేనా బ్యాటరీ అడక్కపోయుంటే బావుండేది కదా మేడమ్?"

"బావుండేది" అంది పిన్ని.

"పోనీ నేను నోరు మూసుకునుంటే?"

"అదింకా బావుండేది. ఆ పట్టకారు ఇటివ్వు."

ఆఖరి బోర్డు పూర్తయ్యాక పిన్ని మూడుసార్లు కొలిచింది. కేబులు తీసి పక్కగదిలో పెట్టించి మరీ కొలిచింది. నిద్రలో కరెంటు ఒకటి. ఈసారి నిజమైన ఒకటి. కాగితం మీద మాత్రం దానికీ పాత ఒకటికీ ఏ తేడా లేదు.

నీళ్ళ విభాగం ఇంజనీరు మూడు వారాలు ఆలస్యంగా మీటర్లు చూడ్డానికి వచ్చాడు. అమ్మకాలాయన ఎదురెళ్ళాడు.

"ఎందుకింత ఆలస్యం?"

"నాణ్యత పెంచాం సార్."

"ఇప్పుడెన్నేళ్ళు వస్తుంది?"

"పన్నెండేళ్ళు సార్!"

"మొన్నటిదాకా ఎంత వచ్చేది?"

అమ్మకాలాయన జీవితంలో మొదటిసారి మాట తడుముకున్నాడు. "అదీ... పన్నెండే సార్."

ఇంజనీరు పుస్తకం తెరిచి, కొట్టేసిన ఒకటినీ, మధ్యలో పంతొమ్మిదినీ, కింద మళ్ళీ ఒకటినీ చూశాడు. పిన్ని వైపు తిరిగి, మర్యాదగానే అడిగాడు. "అయితే మేడమ్, ఒకటిని ఒకటి చెయ్యడానికి మూడు వారాలు పట్టిందా?"

"అవునండీ" అంది పిన్ని.

పుస్తకంలో కొట్టివేత ఉన్నందుకు ఆయన ఒక ఎర్ర గీత గీసి, ఇకముందు ఇలాంటివి లేకుండా చూడమని పక్కన రాసి సంతకం పెట్టాడు. పిన్ని పద్ధెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆవిడ పేరు పక్కన పడిన ఎర్ర సిరా అదొక్కటే.

ఒకటో తారీఖు ఎప్పుడో దాటిపోయింది. ఒకరోజు పెద్దాయన పిలిచాడు. "మీలాంటి నిఖార్సయిన మనిషి కొలతల దగ్గరే ఉండాలి మేడమ్. కుర్చీలో కూర్చోబెడితే మిమ్మల్ని వృథా చేసినట్టవుతుంది" అన్నాడు. వృథా అన్న మాట ఆవిడ దగ్గర ఎంత పనిచేస్తుందో ఆయనకు తెలుసు. కొలతల విభాగం అని కొత్తగా ఒకటి పెట్టి, ఆవిణ్ణి అందులో వేశాడు. డిజైను విభాగానికి అధిపతిగా, ఆపద సమయంలో ఇంజనీరుకు నచ్చజెప్పి బేరం నిలబెట్టినందుకు, అమ్మకాలాయనను కూర్చోబెట్టాడు. ఆయన మొదటిరోజే పిన్ని బల్ల దగ్గరకొచ్చాడు. "మేడమ్, ఏమీ అనుకోకండి. రెసిస్టరంటే ఏదో ఒక్కసారి చూపిస్తారా? ఎవరైనా అడిగితే బావుండదు." పిన్ని చూపించింది. "ఇంత చిన్నదా!" అన్నాడాయన, చాలా గౌరవంగా.

మామ్మగారికి మెట్ల మీద కష్టకాలం వచ్చింది. పైవాటా ఆవిడ "మీ కోడలి కారు ఎప్పుడొస్తుందండీ?" అని రోజూ అడిగేది. మామ్మగారు నాలుగు రోజులు ఆలోచించి ఒక జవాబు తయారుచేసుకున్నారు. "మా కోడలే వద్దందండీ. ఆఫీసరుకు పనేముంటుంది, సంతకాలు తప్ప." ఆ మాట పది మందికి చెప్పాక ఆవిడే నమ్మారు. ఇప్పుడు నిజం చెప్పినా ఒప్పుకోరు.

పిన్ని మాత్రం ఆ కవరు ముక్కను చాలాకాలం బీరువాలో దాచింది. నాలుగేళ్ళ ఎనిమిది నెలలు నిండే తారీఖు దాని మీద ఉంది. పోయిన సంవత్సరం ఆ తారీఖు వచ్చింది. మా వీధిలో మీటర్లన్నీ ఎప్పటిలాగే గంటకోసారి లేచి, నీళ్ళు చూసుకుని, మళ్ళీ పడుకున్నాయి. కిందింటివాడు కారు కడుక్కున్నాడు. తన నీళ్ళకు తన బిల్లే కట్టాడు. ఎవరికీ ఏమీ జరగలేదు. జరగనిదాన్ని ఎవరు మాత్రం గమనిస్తారు? ఆ రోజు పొద్దున పిన్ని కాఫీ కప్పుతో బాల్కనీలో కాసేపు నిలబడి, కింద మీటరు గొయ్యి మీది ఇనుప మూతకేసి చూసింది. మామ్మగారు అడిగారు, "ఏమిటమ్మా అట్లా చూస్తున్నావు?"

"ఏం లేదత్తయ్యా. పడుకునే ఉంది."

"ఎవరు, వాడా?" అన్నారు మామ్మగారు సోఫావైపు చూస్తూ. "వాడెప్పుడూ అంతేగా."

ఇప్పుడు పిన్నికి యాభై ఏళ్ళు. పొద్దున ఎనిమిదింటి బస్సుకు వెళ్ళి సాయంత్రం ఆరున్నరకు వస్తుంది. కొలతల విభాగంలో ఆవిడ ఒక్కతే పనిచేస్తుంది.